పక్షం మారితే గుర్తు ఎందుకు మారుతుంది? రేఖీయ సమీకరణాల సాధనకు ఒక పరిచయం

కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి అమ్మిన రైతుకు ఖర్చులన్నీ పోగా 24,240 రూపాయలు చేతికి వచ్చాయనుకుందాం. తూకం 18 క్వింటాళ్లు తేలింది. బండి బాడుగ, హమాలీ, కాటా కూలి కలిపి 2,760 రూపాయలు కోత పడింది. క్వింటాలు ఏ ధరకు పోయినట్టు? ఈ లెక్క కట్టడానికి యార్డులో ఎవరికీ కాగితం అక్కర్లేదు. చేతికొచ్చిన సొమ్ముకు ఖర్చును తిరిగి కలిపితే 27,000 అవుతుంది. దాన్ని పద్దెనిమిదితో భాగిస్తే 1,500 వస్తుంది. ఇదే లెక్కను నల్లబల్ల మీద

18య − 2,760 = 24,240

అని రాసి ‘య’ విలువ కనుక్కోమంటే, ఆ రైతు ఇంట్లోనే ఏడో తరగతి చదివే పిల్ల తడబడే అవకాశం చాలా ఎక్కువ. అంకెలు అవే, చేయవలసిన పనులూ అవే, వాటి వరుస కూడా అదే. నోటిలెక్కలో ప్రతి అడుగుకూ కనిపించే కారణం బడిలెక్కలో మాత్రం ఒక సూత్రం చాటుకు పోతుంది. ‘పక్షం మారితే గుర్తు మారుతుంది’ అన్నదే ఆ సూత్రం. అంటే సమాన గుర్తుకు ఒకవైపున్న పదం రెండోవైపుకు పోతే, దాని కూడిక, తీసివేత గుర్తు తారుమారవుతుందని. ఏడో తరగతి సామాన్య సమీకరణాల నుంచి ఎనిమిదిలో ఏకచరరాశి (తెలియని రాశి ఒక్కటే ఉన్న) రేఖీయ సమీకరణాలు, ఆపైన తొమ్మిది, పదిలో రెండు చరరాశుల సమీకరణాలు దాకా పిల్లల నోట వినిపించేది ఇదే. ఈ పాఠాల్లో దొర్లే తప్పుల్లో చాలావాటి మూలం వెతికితే, కారణం తెలియకుండా ఈ సూత్రాన్ని వాడిన చోటే దొరుకుతుంది.

పాఠ్యపుస్తకాలు తెలియని రాశికి సాధారణంగా ‘ఎక్స్’ అనే అక్షరం వాడతాయి. ఈ వ్యాసంలో దాని బదులు ‘య’ ఉంటుంది. ఇదేమీ కొత్త పోకడ కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తెలియని రాశిని యావత్తావత్ అని పిలిచి, ‘యా’ అనే పొడి అక్షరంతో రాశాడు. మరో రాశి అవసరమైతే కాలకం, ఇంకొకటి కావాలంటే నీలకం అంటూ రంగుల పేర్లు పెట్టాడు. అక్షరం ఏదైనా లెక్కకు తేడా రాదు.

సమాన గుర్తు చెప్పే మాట

సమీకరణం ఒక షరతు పెడుతుంది: ఎడమవైపు రాశి, కుడివైపు రాశి ఒకే విలువకు రావాలి. పై లెక్కలో ‘య’ స్థానంలో 1,000 పెడితే ఎడమవైపు 15,240 వస్తుంది కాబట్టి షరతు నెరవేరదు. 2,000 పెడితే 33,240 వస్తుంది, అదీ కుదరదు. 1,500 పెట్టినప్పుడే రెండువైపులా 24,240 అవుతుంది. షరతును నెరవేర్చే ఈ విలువనే సాధన అనీ, మూలం అనీ అంటారు. సమీకరణాన్ని సాధించడమంటే అలాంటి విలువలన్నింటినీ కనుక్కోవడం. ‘అన్నింటినీ’ అనడానికి కారణం ఉంది: కొన్ని సమీకరణాలకు అలాంటి విలువ ఒక్కటీ ఉండదు, కొన్నింటికి లెక్కలేనన్ని ఉంటాయి.

చిన్న తరగతుల్లో సమాన గుర్తుకు వేరే పని అలవాటవుతుంది. 7 + 5 = అని రాసి ఖాళీ వదిలితే, ఆ గుర్తు ‘జవాబు ఇక్కడ రాయి’ అని చెప్పినట్టే ఉంటుంది. ఆ అలవాటుతో నాలుగైదేళ్లు గడిపిన విద్యార్థి 7 + 5 = 12 × 2 = 24 అని ఒకే వరుసలో రాసుకుంటూ పోవడానికి వెనుకాడడు. ఏడు, ఐదు కలిస్తే ఇరవై నాలుగని తాను రాసినట్టు అతడికి తోచదు. 1557లో రాబర్ట్ రికార్డ్ ఈ గుర్తును అచ్చులోకి తెచ్చినప్పుడు, రెండు సమాంతర రేఖల కన్నా సమానమైనవి మరేవీ ఉండవని కారణం చెప్పాడు. అందులో ఎడమ నుంచి కుడికి అనే దిక్కు లేదు. 24,240 = 18య − 2,760 అని తిప్పి రాసినా సమీకరణం అదే. ఇది తెలియనివాళ్లు 20 = 3య + 5 లాంటి లెక్క ఎదురవగానే ముందు దాన్ని ‘సరైన దిక్కుకు’ తిప్పుకోవాలనుకుంటారు; ఆ తిప్పడంలో పక్షం మారిందన్న భ్రమతో గుర్తులు కూడా మార్చేసి, ఎడమవైపు ధనసంఖ్యలనే ఉంచి కుడివైపు −20 రాసుకుంటారు.

ఇక రేఖీయం అనే విశేషణం సంగతి. తెలియని రాశి మొదటి ఘాతంలోనే ఉండాలి. దాన్ని దానితోనే గుణించడం, హారంలో పెట్టడం, వర్గమూలం కిందికి తేవడం ఉండకూడదు. పైకి ఎంత చిక్కుగా కనిపించినా, అలాంటి సమీకరణాన్ని సర్దుకుంటూ పోతే చివరికి ఒక సంఖ్యను ‘య’తో గుణిస్తే మరొక సంఖ్య వస్తుందన్న రూపానికి చేరుతుంది.

రెండువైపులా ఒకే పని

సాధన మొత్తానికి ఆధారం ఒకే నియమం. సమానమైన రెండు రాశుల మీద ఒకే పని చేస్తే, ఫలితాలు కూడా సమానంగానే ఉంటాయి. రెండువైపులా ఒకే సంఖ్యను కలపవచ్చు, తీసివేయవచ్చు. సున్నా కాని ఒకే సంఖ్యతో గుణించవచ్చు, భాగించవచ్చు. త్రాసు రెండు తట్టల్లోనూ ఒకే బరువు వేసినా, తీసినా ముల్లు కదలదన్నది ఈ పాఠంలో అందరూ చెప్పే పోలిక. మొదటి పరిచయానికి అది చాలు. అయితే −2,760 అనే బరువును ఏ తట్టలోనూ వేయలేం కాబట్టి, ఋణసంఖ్యలు రాగానే త్రాసును పక్కన పెట్టి నియమాన్ని నియమంగానే పట్టుకోవడం మంచిది. ఆ బొమ్మను పై తరగతుల దాకా లాక్కుపోయే పాఠాలు సాయం కన్నా గందరగోళమే ఎక్కువ చేస్తాయి.

ఉల్లి లెక్కను ఈ నియమం ప్రకారం పూర్తిగా రాస్తే ఇలా ఉంటుంది:

18య − 2,760 = 24,240
18య − 2,760 + 2,760 = 24,240 + 2,760
18య = 27,000
18య ÷ 18 = 27,000 ÷ 18
య = 1,500

ఇందులో రెండో వరుసను కాసేపు చూడాలి. ఎడమవైపు −2,760కి దాని సంకలన విలోమమైన +2,760 కలిసి సున్నా అయింది. రెండువైపులా ఒకే పని చేయాలి కాబట్టి కుడివైపు కూడా +2,760 చేరింది. ఈ వరుసను రాయకుండా మనసులోనే అనుకుని మూడో వరుసకు వెళితే, ఎడమవైపున్న −2,760 మాయమై, కుడివైపు +2,760గా తేలినట్టు కనిపిస్తుంది. పదం పక్షం మారడాన్నే పక్షాంతరం అంటారు; అది ఇంతే. ఏ పదమూ ఎడమ నుంచి కుడికి నడిచి రాలేదు, నడుస్తూ గుర్తు మార్చుకోనూ లేదు. రాయకుండా వదిలేసిన ఒక వరుసకు ‘పక్షాంతరం’ పొట్టిపేరు.

ఆ వరుసను ఎప్పుడూ రాయనివాళ్లకు నాలుగో వరుస దగ్గర చిక్కు వస్తుంది. 18య = 27,000 అన్నచోట, ‘18 అవతలికి పోతుంది, గుర్తు మారుతుంది’ అన్న ధోరణిలో య = 27,000 − 18 అని రాసి 26,982 తేలుస్తారు. క్వింటాలు ఉల్లికి దాదాపు 27 వేల రూపాయలా అన్న అనుమానం కూడా రాదు, ఎందుకంటే అప్పటికే లెక్కకూ ఉల్లికీ సంబంధం తెగిపోయింది. 18 ఇక్కడ ‘య’కు గుణకారంతో అంటుకుని ఉంది, దాన్ని విడదీసేది భాగహారమే. ఇంకో రకం తప్పు −3య = 12 దగ్గర కనిపిస్తుంది. −3 అవతలికి పోయి +3 అయిందనుకుని య = 12/3 = 4 అంటారు. రెండువైపులా −3తో భాగిస్తే వచ్చేది −4. గుర్తు మారే సూత్రం కలిపిన, తీసిన పదాలకే గాని గుణకాలకు వర్తించదని ఎన్నిసార్లు చెప్పినా ఈ తప్పు పోదు. రెండో వరుస రాసే అలవాటు ఉంటే మాత్రం చెప్పవలసిన అవసరమే రాదు.

ముందు కలపాలా, ముందు భాగించాలా అన్న సందేహం కూడా సహజమే. ధరను 18తో గుణించి, ఆపైన ఖర్చు తీసివేసి ఈ రాశిని కట్టాం. విప్పేటప్పుడు చివర చేసినదాన్ని ముందు విప్పడం సులువు. ముందే 18తో భాగించినా తప్పేం లేదు, కాని అప్పుడు ఎడమవైపున్న రెండు పదాలనూ భాగించాలి:

య − 2,760/18 = 24,240/18

2,760/18, 24,240/18 రెండూ తెగని భిన్నాలే. కలిపితే మళ్లీ 1,500 వస్తుంది గాని దారి ముళ్లదారి అవుతుంది. మొదటి పదాన్ని మాత్రమే భాగించి య − 2,760 = 24,240/18 అని రాసేవాళ్ల సంఖ్యా తక్కువేం కాదు.

బ్రాకెట్లు, భిన్నాలు

కర్నూలు నుంచి అనంతపురానికి 44వ నంబరు జాతీయ రహదారి మీద దూరాన్ని లెక్క కోసం 150 కిలోమీటర్లుగా తీసుకుందాం. కర్నూలులో ఒక బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో బయలుదేరింది. అరగంట తరువాత అనంతపురం నుంచి ఒక లారీ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో కర్నూలు వైపు కదిలింది. అవి ఎప్పుడు ఎదురుపడతాయి? బస్సు నడిచిన సమయం ‘య’ గంటలైతే, లారీ నడిచింది అంతకు అరగంట తక్కువ. ఎదురుపడే వేళకు రెండూ కలిసి మొత్తం దూరాన్ని పూర్తి చేసి ఉండాలి:

60య + 40(య − 1/2) = 150
60య + 40య − 20 = 150
100య = 170
య = 1.7

1.7 గంటలంటే గంటా 42 నిమిషాలు. దీన్ని గంటా ఏడు నిమిషాలుగానో, గంటా డెబ్బై నిమిషాలుగానో చదవడం సమీకరణానికి సంబంధం లేని తప్పే అయినా మార్కు పోవడం ఖాయం. ఆ సమయానికి బస్సు 102 కిలోమీటర్లు, లారీ 1.2 గంటల్లో 48 కిలోమీటర్లు వచ్చి ఉంటాయి, మొత్తం 150. అంటే డోన్ దాటాక, గుత్తి చుట్టుపక్కల ఎదురుపడతాయి. దారి తెలిసినవాళ్లకు ఈ జవాబు నమ్మదగినదిగా తోస్తుంది.

బ్రాకెట్ ముందున్న 40 లోపలున్న రెండు పదాలకూ చెందుతుందని మరిచి, 60య + 40య − 1/2 = 150 అని రాస్తే య = 1.505 వస్తుంది. చూడటానికి ఇదీ నమ్మదగినట్టే ఉంటుంది. దాన్ని మొదటి సమీకరణంలో ప్రతిక్షేపిస్తే గుట్టు బయటపడుతుంది: బస్సు 90.3, లారీ 40.2, మొత్తం 130.5 కిలోమీటర్లు. ఇంకా పంతొమ్మిదిన్నర కిలోమీటర్ల ఎడం ఉండగానే రెండు బండ్లూ ఎదురుపడ్డాయన్నమాట. సరిచూడటం ఎప్పుడూ మొట్టమొదటి సమీకరణంలోనే జరగాలి. తప్పు దొర్లిన తరువాతి వరుసలో ప్రతిక్షేపిస్తే అది తప్పును కూడా ఒప్పేసుకుంటుంది.

భిన్నాలున్న సమీకరణాల్లో చిక్కు మరోచోట ఉంటుంది:

(2య − 1)/3 − (య − 2)/4 = 1

హారాల క.సా.గు. 12. రెండువైపులా 12తో గుణిస్తే

4(2య − 1) − 3(య − 2) = 12
8య − 4 − 3య + 6 = 12
5య + 2 = 12
5య = 10
య = 2

భిన్నపు గీత కూడా ఒక బ్రాకెట్టే. గీత పోయినప్పుడు దాని స్థానంలో బ్రాకెట్ రాయకపోతే, ముందున్న తీసివేత గుర్తు ‘య’ మీద మాత్రమే పనిచేసి −2ను అలాగే వదిలేస్తుంది, లేదా +6 రావలసిన చోట −6 వస్తుంది. −6 వస్తే జవాబు 22/5 అవుతుంది. దాన్ని మొదటి సమీకరణంలో పెట్టి చూస్తే ఎడమవైపు 1 బదులు 2 వస్తుంది. కుడివైపున్న ఒంటరి 1ని 12తో గుణించడం మరచిపోవడం ఇంకా మామూలు తప్పు. దానికి హారం కనిపించదు కాబట్టి దానికీ ఈ గుణకారానికీ పనిలేదని అనుకుంటారు. అప్పుడు 5య + 2 = 1 వచ్చి, య = −1/5 తేలుతుంది. రెండు తప్పుల్లోనూ దెబ్బతిన్నది ఒకే నియమం: పని రెండువైపులా, మొత్తం రాశి మీద జరగాలి.

కొట్టివేత గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 3(య − 2) = 5(య − 2) అన్న సమీకరణంలో రెండువైపులా ఉన్న (య − 2)ను కొట్టేస్తే 3 = 5 మిగులుతుంది. సాధన లేదని నిర్ణయించుకుని చాలామంది అక్కడితో ఆగిపోతారు. బ్రాకెట్లు విప్పి చూస్తే 3య − 6 = 5య − 10, అంటే 2య = 4, య = 2. సాధన ఉంది. కొట్టేసింది (య − 2)తో భాగించడమే. ‘య’ విలువ 2 అయినప్పుడు ఆ భాజకం సున్నా. సున్నాతో భాగించకూడదన్న షరతును ఒక్కసారి దాటినందుకు ఉన్న ఒక్క సాధనా చేజారింది. తెలియని రాశి ఉన్న దేనితోనైనా భాగించే ముందు, అది సున్నా అయితే ఏమవుతుందో విడిగా చూడాలి.

ఊహించి సరిదిద్దడం

అక్షరాలతో సమీకరణం రాయడం రాకముందు కూడా మనుషులు ఇలాంటి లెక్కలు చేసుకున్నారు. క్రీ.పూ. 1550 ప్రాంతపు ఈజిప్టు రాతప్రతి, రైండ్ పాపిరస్‌లో ఒక లెక్క ఉంది: ఒక రాశికి దానిలో ఏడో వంతు కలిపితే 19 అవుతుంది, ఆ రాశి ఎంత? ముందు 7 అనుకుంటారు. ఏడుకు ఒకటి కలిస్తే 8. కావలసింది 19 కాబట్టి, ఏడును 19/8తో గుణిస్తే పదహారు, దానిపైన ఎనిమిదింట ఐదు వంతులు వస్తుంది. భాస్కరాచార్యుడి లీలావతిలో ఇలాంటి పద్ధతినే ఇష్టకర్మ అన్నారు. అనంతపురం జిల్లాలో శనక్కాయల వ్యాపారం తెలిసినవాళ్లు రోజూ చేసేది కూడా ఇదే. కాయలో నూటికి డెబ్బై వంతులు పప్పు దిగుతుందనుకుంటే, 210 కిలోల పప్పు కావడానికి ఎంత కాయ ఒలవాలి? నూరు కిలోలకు డెబ్బై, డెబ్బైకి మూడింతలు 210, కాబట్టి మూడు వందల కిలోలు. సమీకరణంగా రాస్తే 0.7య = 210. ఇదే లెక్కలో ‘ముప్పై శాతం పొట్టు పోతుంది కదా’ అని 210కే ముప్పై శాతం కలిపి 273 అనేవాళ్లూ ఉంటారు. 273 కిలోల కాయ ఒలిస్తే వచ్చేది 191 కిలోల చిల్లరే. పోయే ముప్పై శాతం తెలియని కాయ బరువులోది. చేతిలో ఉన్న పప్పు బరువులోది కాదు. ‘య’ అని రాసుకోవడం వల్ల కలిగే పెద్ద ఉపకారం ఇలాంటి చోటే కనిపిస్తుంది, ఎందుకంటే శాతం దేనిలోనో అన్నది కాగితం మీద తప్పనిసరిగా తేల్చుకోవలసి వస్తుంది.

అయితే ఈ ఒక్క ఊహ పద్ధతి ఉల్లి లెక్క దగ్గర చెల్లదు. ధర 1,000 అనుకుంటే చేతికొచ్చేది 15,240. వచ్చింది 24,240 కాబట్టి ఆ నిష్పత్తిలో 1,000ని పెంచితే సుమారు 1,590 వస్తుంది. అసలు ధర 1,500. ధర రెట్టింపైతే చేతికొచ్చే సొమ్ము రెట్టింపు కాదు, ఎందుకంటే 2,760 ఖర్చు ధరతో పాటు పెరగదు. స్థిరపదం అడ్డుపడిన చోట నిష్పత్తి పనికిరాదు. రెండు ఊహలు చేస్తే మాత్రం పనవుతుంది. ధర 1,000 అయితే 15,240, ధర 2,000 అయితే 33,240. వెయ్యి రూపాయల ధర పెరిగితే చేతి సొమ్ము 18,000 పెరిగింది. మొదటి ఊహకన్నా మనకు కావలసింది 9,000 ఎక్కువ, అంటే అందులో సగం. కాబట్టి ధర కూడా 500 పెరగాలి. 1,500.

ఈ పద్ధతి పనిచేయడానికి కారణమే రేఖీయత. ‘య’ సమాన మెట్లలో పెరుగుతుంటే రాశి కూడా సమాన మెట్లలోనే మారుతుంది. గ్రాఫు కాగితం మీద గుర్తిస్తే ఆ బిందువులన్నీ ఒకే సరళరేఖ మీద పడతాయి. సమీకరణంలో వర్గం ఉంటే ఈ రెండు ఊహల ఉపాయం దగ్గరి జవాబు ఇస్తుందేమో గాని సరైన జవాబు ఇస్తుందన్న హామీ ఉండదు.

రెండువైపులా తెలియని రాశి

తెలియని రాశి రెండువైపులా ఉన్న లెక్కకు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం ఒకే శ్లోకంలో దారి చెప్పింది. ఇద్దరి దగ్గర కొన్ని గుళికలు (వెల తెలియని వస్తువులు), కొంత రొక్కం ఉన్నాయి, ఇద్దరి సంపదా సమానం. రొక్కాల తేడాను గుళికల తేడాతో భాగిస్తే గుళిక వెల వస్తుందన్నది దాని సారం. ఇద్దరికీ సమానంగా ఉన్న గుళికలను, సమానంగా ఉన్న రొక్కాన్ని పక్కన పెడితే, ఒకరి దగ్గర మిగిలిన గుళికలు మరొకరి దగ్గర మిగిలిన రొక్కానికి సమానం కావాలి. పక్షాంతరం కన్నా సూటిగా ఉన్న వివరణ ఇది.

దుక్కికి ట్రాక్టరు మాట్లాడుకునే సందర్భం తీసుకుందాం. ఒకరు చేను దాకా రానుపోను 600, ఆపైన గంటకు 900 అడుగుతారు. రెండోవారు రానుపోను 200, గంటకు 1,000 అంటారు. ఎన్ని గంటల పనికి ఇద్దరి బాడుగా ఒకటే అవుతుంది?

600 + 900య = 200 + 1,000య
400 = 100య
య = 4

నాలుగు గంటలకు ఇద్దరికీ 4,200. మూడు గంటల పనైతే మొదటివారికి 3,300, రెండోవారికి 3,200 కాబట్టి రెండోవారు మేలు. ఐదు గంటలైతే 5,100, 5,200, మొదటివారే మేలు. సమీకరణం ఇచ్చిన 4 అనే అంకెకు చేను దగ్గర ఉన్న అర్థం ఇది: బేరం మొగ్గు మారే చోటు.

రేట్లు కొంచెం మార్చితే సమీకరణాల మిగతా రకాలు కూడా ఇక్కడే కనిపిస్తాయి. ఇద్దరూ గంటకు 900 చొప్పునే అడిగి, రానుపోను మాత్రం 600, 200గా ఉంటే, రెండువైపులా 900య తీసివేశాక 600 = 200 మిగులుతుంది. ‘య’ విలువ ఏదైనా ఇది నిజం కాదు, కాబట్టి సాధన లేదు. ఇద్దరి రేట్లూ అన్నివిధాలా ఒకటే అయితే 200 = 200 మిగులుతుంది; ఏ విలువకైనా అది నిజమే, అలాంటిదాన్ని సర్వసమీకరణం అంటారు. 0 = 0 దగ్గరికి చేరిన విద్యార్థి అలవాటు కొద్దీ య = 0 అని రాయడం పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లకు బాగా తెలిసిన దృశ్యం. సున్నా కూడా ఒక సాధనే, కాని వందా సాధనే, వెయ్యీ సాధనే. చివరిగా, ఎక్కువ రానుపోను అడిగినవారే గంటకు కూడా ఎక్కువ అడిగారనుకుందాం: 600 + 1,000య = 200 + 900య. దీని సాధన −4. సమీకరణం మేరకు అది సరైన జవాబే. దుక్కి మేరకు మాత్రం, ఇద్దరి బాడుగా ఒకటయ్యే గంట ఎప్పటికీ రాదని దాని అర్థం. ఋణ జవాబు రాగానే లెక్క తప్పిందని కొట్టేయడం కన్నా, అది పరిస్థితి గురించి ఏం చెబుతోందో చూడటం మంచిది.

మాటల నుంచి సమీకరణానికి

మాటల్లో చెప్పిన లెక్కలు తెలుగువాళ్లకు కొత్త కాదు. మహావీరాచార్యుడి గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చి శతాబ్దాలు గడిచాయి. అయినా బడిలో విద్యార్థులు అన్నింటికన్నా ఎక్కువ భయపడేది వీటికే. సాధించడం నాలుగు పనుల మీద నడుస్తుంది, రాయడానికి మాత్రం అలాంటి యాంత్రికమైన దారి లేదు. ఒకే రాశిని రెండు రకాలుగా చెప్పగల చోటు ఏదో వెతకడమే ఇందులో అసలు పని. ఉల్లి లెక్కలో ఆ రాశి చేతికొచ్చిన సొమ్ము, బస్సు లెక్కలో మొత్తం దూరం, ట్రాక్టరు లెక్కలో బాడుగ. ఆ రాశి దొరికితే సమాన గుర్తు ఎక్కడ పెట్టాలో తేలినట్టే.

కడప జిల్లా బండలు పరిచే గది ఒకటి తీసుకుందాం. గది పొడవు వెడల్పు కన్నా 4 అడుగులు ఎక్కువ. తలుపు సందును లెక్కలోంచి వదిలేస్తే, గోడ వెంబడి చుట్టూ వేసే పట్టీకి 48 అడుగుల రాయి పట్టింది. రెండడుగుల చదరపు బండలు ఎన్ని కావాలి? వెడల్పు ‘య’ అనుకుంటే పొడవు య + 4, చుట్టుకొలత రెండు రకాలుగా తెలిసిన రాశి:

2(య + య + 4) = 48
4య + 8 = 48
య = 10

‘జవాబు 10’ అని గీత గీసి ఊరుకునే చోటు ఇది. అడిగింది బండల సంఖ్య. వెడల్పు 10, పొడవు 14, వైశాల్యం 140 చదరపుటడుగులు, ఒక్కో బండ 4 చదరపుటడుగులు కాబట్టి 35 బండలు. ఇది సరిపోతుంది, ఎందుకంటే 10, 14 రెండూ సరిసంఖ్యలే. గది కొలత 11 అడుగులై ఉంటే బండలు కోయవలసి వచ్చేది, అప్పుడు ఉత్త భాగహారంతో బండల సంఖ్య తేలదు. ‘య’ అంటే ఏమిటో మొదటి వరుసలో ఒక పూర్తి వాక్యంగా, కొలమానంతో సహా రాసుకోవడం ఇలాంటి చోట్ల అక్కరకొస్తుంది. ‘వెడల్పు య అడుగులు’ అని రాసుకున్నవాళ్లు పది బండలని జవాబు రాయరు.

తెలియని రాశిగా దేన్ని తీసుకోవాలన్నదీ లెక్క చేసేవారి ఇష్టమే. పొడవును ‘య’ అనుకుంటే వెడల్పు య − 4 అవుతుంది, సాధన 14 వస్తుంది, బండలు మాత్రం 35 దగ్గరే ఉంటాయి. తండ్రి వయసు ఇప్పుడు కొడుకు వయసుకు మూడు రెట్లు, 12 ఏళ్ల తరువాత రెండు రెట్లు అన్న లెక్కలో కొడుకు వయసును ‘య’ అనుకుంటే 3య + 12 = 2(య + 12) అని భిన్నాలు లేకుండా వస్తుంది, య = 12. తండ్రి వయసును తీసుకుంటే మూడో వంతులు మోయాలి. ఇక్కడ మరచిపోయేది ఎక్కువగా బ్రాకెట్‌నే. పన్నెండేళ్లు కొడుక్కి కూడా గడుస్తాయి.

ఒక్కోసారి రెండు రాశులు తెలియవు, ఒకదాన్ని మరొకదానితో వెంటనే చెప్పడానికీ వీలుండదు. మూడు కిలోల ఉల్లికి, రెండు కిలోల టమాటాకు కలిపి 130 రూపాయలైంది. ఉల్లి ధర ‘య’, టమాటా ధర ‘క’ అయితే 3య + 2క = 130. ఈ ఒక్క సమీకరణంతో ధరలు తేలవు: 20, 35 కుదురుతాయి, 30, 20 కుదురుతాయి, 40, 5 కూడా కుదురుతాయి. ఇలాంటి జతలన్నీ గ్రాఫు కాగితం మీద ఒక సరళరేఖగా పరుచుకుంటాయి. కిలో ఉల్లి, కిలో టమాటా కలిపి కొన్న పక్కింటివారికి 50 రూపాయలైందని తెలిస్తే రెండో సమీకరణం దొరుకుతుంది: య + క = 50. అందులోంచి క = 50 − య అని తీసుకుని మొదటిదానిలో ప్రతిక్షేపిస్తే 3య + 2(50 − య) = 130 అవుతుంది. ఇక మిగిలింది బ్రాకెట్ విప్పి, రెండువైపులా 100 తీసివేయడమే: ఉల్లి కిలో 30, టమాటా 20.